కుదుపుల రిజిస్టరు

సన్యాసమ్మ భయపడని వస్తువు ఆ ఇంట్లో ఏదీ లేదు. గ్యాసు బండ పేలుతుందని భయం. ఇన్నాళ్లూ పేలకుండా ఉందంటే లోపల ఏదో పేరుకుంటోందని ఇంకో భయం. వాన పడితే గెడ్డ పొంగుతుంది, పడకపోతే పాములు చల్లదనం కోసం ఇంట్లోకి వస్తాయి. ఏడో తరగతి దాకా చదువుకుంది కాబట్టి పేపరు కూడబలుక్కుని చదవగలదు. ఆ చదువు వల్ల ఆమెకి ఒరిగిందల్లా మనుషులు ఇంకా ఎన్ని రకాలుగా పోతుంటారో తెలియడమే. భర్త లారీ తోలుతూ నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు. ఆయన గురించి భయపడడానికి ఆమె మధ్యాహ్నాలు కేటాయించింది. పొద్దుటి పూటంతా కూతురి సైకిలుకి సరిపోయేది.

కూతురు గౌతమి కొండబాటల సంరక్షణ సంస్థలో బాట పరిశీలకురాలు. రోజూ పొద్దున్నే తీగలమెట్ట మీదికి పదకొండు కిలోమీటర్లు ఎక్కి, ఎక్కడ కల్వర్టు కొట్టుకుపోయింది, ఎక్కడ చెట్టు అడ్డంగా పడింది, ఎక్కడ కొండచరియ జారింది అన్నీ చూసుకుని దిగి రావాలి. అందుకోసం సంస్థ ఒక గేరు సైకిలు ఇచ్చింది. కాగితాల్లో దాన్ని పర్వత ద్విచక్రిక అంటారు. అది సంస్థలో చేరి పద్నాలుగేళ్లు. గౌతమి చేరి రెండేళ్లు. ఆమెకి ముందు దాన్ని తొక్కిన ఇద్దరిలో ఒకాయన నడుము నొప్పితో, ఇంకొకాయన నడుము నొప్పి వస్తుందన్న ముందుచూపుతో ఉద్యోగం మానేశారు.

ఆ బండికి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో రెండు గొట్టాలుంటాయి. గొట్టాల లోపల స్ప్రింగూ నూనే ఉంటాయి. రాయి తగిలినప్పుడు గొట్టం కిందికి దిగి, దెబ్బని మింగి, మళ్లీ పైకి లేవాలి. ఈ ఫోర్కులో నూనె ఏ వానాకాలంలోనో కారిపోయింది. ఇప్పుడది దిగితే లేవదు, లేస్తే దిగదు. రాయి తగిలిన దెబ్బంతా నేరుగా మణికట్టుకి వచ్చేది.

"ఏటే, మళ్లీ ఆ బండే ఎక్కుతున్నావా?" అనేది సన్యాసమ్మ రోజూ.

"వేరే బండి ఉంటే ఎక్కనా అమ్మా."

"మెట్ట దిగువలో ఆ ముందు సెక్రం ఊడిపోద్ది. బండి అక్కడ నిలబడిపోద్ది, నువ్వు మాత్రం ఎల్లిపోతావు."

"ఎక్కడికి?"

"గెడ్డలోకి."

"నిన్న బండితో సహా లోయలోకన్నావు కదా?"

"నిన్న గాలేసింది. ఇయ్యాల గాలి లేదు" అని సన్యాసమ్మ గంభీరంగా చెప్పేది. ఆమె భయాలు గాలివాటం పట్టి నడిచేవి. ఈ విషయంలో మాత్రం కూతురికీ లోపల అదే అనుమానం. అందుకే ఒక సోమవారం తల్లీకూతుళ్లు ఫోర్కు మార్చమని అర్జీ రాసుకుని ఆఫీసుకి వెళ్లారు.

ఆ ఏడు సంస్థలో ఆధార సహిత నిర్ణయం అనే నినాదం నడుస్తోంది. అంతకు ముందు ఏడు చిరునవ్వుతో సేవ నడిచింది, దాని ముందు ఏడు కాగిత రహిత పాలన నడిచి మూడు బీరువాల కాగితం ఖర్చయింది. జోనల్ అధికారి మార్తాండరావు విశాఖపట్నంలో ఏసీ హోటల్లో మూడు రోజులు శిక్షణ పొంది వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి ఆధారం చూపించనిదే ఆఫీసులో ఆకు కదలడం లేదు. సూపరింటెండెంట్ కామేశం కుర్చీకి ఒక కాలు విరిగింది. విరగక ముందు ఆ కాలు ఎంత దృఢంగా ఉండేదో ఆధారం లేదు గనక, ఇప్పుడది ఎంత మేరకు క్షీణించిందో నిర్ధారించడం సాధ్యం కాలేదు. కామేశం మూడు కాళ్ల మీద కూర్చోవడం నేర్చుకున్నాడు.

మార్తాండరావు అర్జీ రెండుసార్లు చదివాడు.

"ఫోర్కు మార్చమని కోరుతున్నారు. సంతోషం. మార్చవలెనని మీరు ఏ ప్రాతిపదికన నిర్ధారించితిరి?"

"దిగితే లేవడం లేదు సర్" అంది గౌతమి. "చేతులు లాగేస్తున్నాయి."

"అది మీ అనుభవం. అనుభవం ఆధారం కాదమ్మా. అనుభవాన్ని గడులు గీసి, వరుస సంఖ్య వేసి నమోదు చేసినప్పుడు మాత్రమే అది ఆధారంగా పరిణమించును."

సన్యాసమ్మ ముందుకి వచ్చింది. "బాబూ, పిల్ల పడిపోద్దని నా బయం."

"పడిపోయినట్టు దాఖలా ఉన్నదా?"

"ఇంకా పడనేదు బాబూ."

"చూచితిరా" అన్నాడు మార్తాండరావు కామేశం వైపు తిరిగి, శిక్షణ వృథా పోలేదన్న తృప్తితో. కామేశం మూడు కాళ్ల మీద జాగ్రత్తగా తలూపాడు.

అక్కడికక్కడే ఒక రిజిస్టరు రూపకల్పన జరిగింది. దానికి ద్విచక్రికా ఆఘాత నమోదు పుస్తకం అని పేరు పెట్టారు. అట్ట మీద అంత పేరు పట్టక కామేశం కుదుపుల రిజిస్టరు అని రాశాడు. తేదీ, సమయం, స్థలం, కుదుపు తీవ్రత, ఉద్యోగి పొందిన అనుభూతి, సాక్షి సంతకం, ఇవీ గడులు. తీవ్రత నాలుగు రకాలు: అల్పం, మధ్యమం, అధికం, వర్ణనాతీతం. తొంభై రోజులు నమోదు చేశాక సంఘం కూర్చుని ఫోర్కు సంగతి తేలుస్తుంది.

"సాక్షి అంటే చిక్కండి" అన్నాడు కామేశం. "మెట్ట మీద ఈ అమ్మాయి తప్ప ఎవరుంటారు?"

మార్తాండరావు కళ్లు మూసుకుని ఆలోచించాడు. "సాక్షి కుదుపును చూడనవసరం లేదు. కుదుపునకు గురైన ఉద్యోగిని చూచిన చాలును. సాయంకాలం ఇంటికి చేరిన ఉద్యోగిని ముందుగా ఎవరు చూచెదరు?"

"నానే బాబూ" అంది సన్యాసమ్మ. "ఎప్పుడొత్తాదా అని గుమ్మంలోనే ఉంటాను."

"అయితే మీరే సాక్షి."

ఎక్కడ పడితే అక్కడ సంతకం పెట్టకూడదని సన్యాసమ్మకి చిన్నప్పటి నుంచీ భయం. పెట్టకపోతే ఫోర్కు మారదన్న భయం అంతకంటే పెద్దది. పెద్ద భయం ఎటు చెబితే అటు నడవడం ఆమెకి అలవాటు. పెట్టింది.

మొదటి రోజు గౌతమి నిబంధన ప్రకారమే నడుచుకుంది. కుదుపు తగలగానే బండి ఆపి, దిగి, సంచిలోంచి రిజిస్టరు తీసి, గడులు నింపి, మళ్లీ ఎక్కింది. సాయంత్రం నాలుగయ్యే సరికి కిలోమీటరున్నర వెళ్లింది. కుదుపుకీ కుదుపుకీ మధ్య సైకిలు తొక్కడానికి తీరిక దొరకలేదు. రెండో రోజు నుంచి మామూలుగా తొక్కి, ఇంటికొచ్చాక గుర్తున్నంత మేరకి రాయడం మొదలుపెట్టింది. తల్లి పక్కన కూర్చుని సంతకాలు చేసేది.

"ఇదేటే, మూడో మలుపు కాడ అల్పం అని రాసినావు?"

"అల్పమేనమ్మా, చిన్న రాయి."

"సిన్న రాయే పెద్ద రాయిని పిలుత్తాది. మజ్జెమం రాయి."

పద్దెనిమిదో రోజున, దిగేటప్పుడు, ఫోర్కు కిందికి దిగి అక్కడే బిగుసుకుపోయింది. గౌతమి హ్యాండిల్ మీదుగా వెళ్లి గడ్డిలో పడింది. మోచెయ్యి దోక్కుపోయింది, అరచేతిలో గులకలు గుచ్చుకున్నాయి. రెండడుగులు ఎడంగా పడి ఉంటే రాతి గట్టు. కూతురు కుంటుకుంటూ బండి నడిపించుకుని రావడం చూసిన సన్యాసమ్మకి ముందు ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. రెండేళ్లుగా వస్తుందనుకున్నది వచ్చింది, చిన్నదిగా వచ్చింది. మరుక్షణం ఆ రాతి గట్టు గురించి విని గుమ్మంలో కూలబడింది.

మర్నాడు గౌతమి కట్టుతో ఆఫీసుకి వెళ్లింది. సాయంత్రానికి జవాబు పట్టుకొచ్చింది. సన్యాసమ్మ దాన్ని వేలు పెట్టి చదివింది. "పై పతనము ఏకైక పతనమైనందున యాదృచ్ఛికమని భావింపబడుచున్నది. నిర్ణయమునకు కనిష్ఠముగా మూడు పతనములు అవసరము. ఉద్యోగి సహకరింపవలెను."

"ఇంకా రెండుసార్లు పడాలంటన్నారా?"

"అలాగే ఉంది."

"ఈసారి ఎటేపు పడాలో రాసినారా?"

"అది రాయలేదు."

మర్నాడు గౌతమికి సెలవు. సన్యాసమ్మ సైకిలుని రోడ్డు అంచున నడిపించుకుంటూ, ఎదురుగా లారీ కనిపించినప్పుడల్లా తుప్పల్లోకి దిగి నిలబడుతూ, సంతవీధిలో గురయ్య సైకిలు షాపుకి చేరింది. గురయ్యకి అరవై దాటాయి. బండిని చూసి అతను ముందు చేత్తో నొక్కాడు, తరవాత చెవి పెట్టి విన్నాడు.

"అన్నయ్యా, దీనికి కొత్త ఫోర్కు ఎయ్యి."

"ఎయ్యలేను సెల్లమ్మా. ఇప్పుడొచ్చే ఫోర్కులన్నీ పెద్ద సెక్రాలవి. మెడ గొట్టం కింద లావుగా ఉంటాది. ఈ బండి మెడలో దూరదు. దూరాలంటే బండి మార్చాలి. బండి మారిత్తే సెక్రాలు, సెక్రాలు మారిత్తే బ్రేకులు. ఆకరికి పాతదాంట్లో బెల్లొకటే మిగులుద్ది."

"అయితే పిల్ల పడాల్సిందేనా?"

"పడ్డమెందుకు? గొట్టాల్లో మట్టి పట్టీసింది. ఇప్పి కడిగి, రెండు రబ్బరు రింగులు మార్చి, నూనె పోత్తే సరిపోద్ది. దీని రకం మంచిదే. సూసినోడు లేక ఇలాగయింది."

"అంతేనా?"

"అంతే. టీ తాగు, అయిపోద్ది."

సన్యాసమ్మ టీ తాగలేదు, వేడికి నాలుక కాలుతుందని. గురయ్య పని పూర్తి చేసి హ్యాండిల్ నొక్కితే ఫోర్కు మెత్తగా దిగి మెత్తగా లేచింది. ఆమెతో పది సార్లు నొక్కించాడు. పదకొండోసారి తనంతట తనే నొక్కింది.

ఆ తరవాత పన్నెండు రోజులు గౌతమి మెట్ట ఎక్కి దిగింది. రాళ్లు అక్కడే ఉన్నాయి, చేతులకి మాత్రం తెలియడం లేదు. రిజిస్టరులో రోజూ ఒకటే మాట రాసింది: కుదుపులు లేవు. సన్యాసమ్మ దాని కింద సంతోషంగా సంతకం పెట్టింది. పదమూడో రోజున కామేశం జీపులో ఇంటికొచ్చి, ఏదో చావు కబురు తెచ్చినవాడిలా గొంతు తగ్గించి నోటీసు ఇచ్చాడు.

"ఫోర్కు మారలేదు. కొండ మారలేదు. అయినను కుదుపులు ఆగిపోయినవి. కావున మారినది ఉద్యోగియే అని ప్రాథమికముగా తేలుచున్నది. ఉద్యోగి కొండ ఎక్కుట మానివేసినట్లు ఏల భావింపరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

"అయ్యా, బండి బాగు చేయించాం. గురయ్య గారు నూనె పోశారు" అంది గౌతమి.

కామేశం అటూ ఇటూ చూశాడు. "ఆ మాట నేను వినలేదమ్మా. మీరు అననూ లేదు. పరిశీలనలో ఉన్న వస్తువుని అనుమతి లేకుండా బాగు చెయ్యడం అంటే ఆధారాన్ని చెరిపెయ్యడం. పాడు చేస్తే మెమో ఇస్తారు. బాగు చేస్తే ఉద్యోగం తీసేస్తారు."

"ఇప్పుడేటి సెయ్యమంటారు బాబూ?" అంది సన్యాసమ్మ.

"నేనేమీ చెప్పకూడదు. కానీ రిజిస్టరులో గడులు ఖాళీగా ఉండడం చూసేవాళ్లకి బాగోదు."

కామేశం వెళ్లాక గౌతమి రిజిస్టరు ముందేసుకుని అరగంట కూర్చుంది. లేని కుదుపు ఎలా రాయాలో ఆ పిల్లకి తోచలేదు. మనసులో ఒకటుంచుకుని కాగితం మీద ఇంకొకటి పెట్టడం ఆమెకి రాదు.

"ఇలా తే" అంది సన్యాసమ్మ.

కలం తీసుకుని ఆమె ఒక్కసారి మెట్ట వైపు చూసింది. అంతే. రెండేళ్లుగా గుమ్మంలో నిలబడి ఆ బాట మీద రోజుకి వంద కీడులు చూసిన మనిషి. ఇప్పుడు మొదటిసారి వాటిని పెట్టుకోవడానికి గడులు దొరికాయి.

"మూడో మలుపు. ముందు చక్రం ఊడినంత పని అయింది. అధికం."

"ఐదో మలుపు. అడవిపంది అడ్డం వచ్చి, బండి గాలిలో లేచి, మళ్లీ బాట మీదనే పడింది. దేవుడి దయ. వర్ణనాతీతం."

"కల్వర్టు దగ్గర. ఫోర్కు రెండుగా విరిగినట్టు చప్పుడైంది. విరగలేదు. విరిగి ఉంటే ఏమయ్యేదో రాయడానికి గడి చాలదు. వర్ణనాతీతం."

అనుభూతి గడిలో ఆమె తడుముకోలేదు. కడుపులో పేగులు గొంతులోకి వచ్చాయని, కళ్లు మూస్తే పెళ్లి కాని పిల్ల పటానికి దండ కనిపించిందని, ఇలా ఒక్కో రోజుకి పదిహేను, ఇరవై రాసేది. గౌతమి చదివి నోరు వెళ్లబెట్టింది.

"అమ్మా, ఇన్ని జరిగితే నేను బతికుంటానేటే?"

"అదే కదా నాను రోజూ అనేది."

ఆఫీసులో ఆ రిజిస్టరుకి మంచి పేరొచ్చింది. మార్తాండరావు కొన్ని పేజీలు స్వయంగా చదివి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడట. మిగతా జోన్లవాళ్లు వచ్చి నకళ్లు తీసుకున్నారు. గౌతమి మీద నోటీసు రద్దయింది. ఆధారం ఇంత సమృద్ధిగా దొరికిన జోన్ మరొకటి లేదని రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. కొత్త ఫోర్కు రావడం ఖాయమని కామేశం చెబితే సన్యాసమ్మకి కొత్త భయం పట్టుకుంది. ఆ లావు గొట్టం ఈ మెడలో దూరదు కదా. బలవంతంగా దూర్చి బిగిస్తారేమో.

తొంభయ్యో రోజున సంఘం కూర్చుంది. సాక్షిగా సన్యాసమ్మని కూడా పిలిచారు. ఆమె ఉతికిన నేత చీర కట్టుకుని గోడ వారగా నిలబడింది. ఫ్యాను కింద కూర్చోమన్నారు గానీ ఆ ఫ్యాను ఊగుతోంది. రాజధాని నుంచి పరికర సామర్థ్య సలహాదారు నళినీకాంత్ వచ్చాడు. అతను గోడ మీద రెండు గీతలు వేసి చూపించాడు. ఒకటి పైకి పోతోంది, ఇంకొకటి కిందికి దిగుతోంది.

"ఎర్ర గీత కుదుపులు. మొత్తం వెయ్యీ నూట పద్నాలుగు. అందులో ఆరు వందల రెండు వర్ణనాతీతం. పచ్చ గీత ఉద్యోగికి తగిలిన గాయాలు. మొదట్లో ఒకటి. ఆ తరవాత సున్నా." అతను గ్లాసుడు నీళ్లు తాగాడు. "గమనించండి. కుదుపులు పెరిగిన కొద్దీ ఉద్యోగి ఆరోగ్యం మెరుగుపడింది. హాజరు నూటికి నూరు. బరువు కిలోన్నర పెరిగింది."

సభలో చప్పట్లు కొట్టారు. సన్యాసమ్మ కూడా, బరువు మాట విని, కొట్టబోయి ఆగింది.

"దీనివల్ల ఏం తేలింది?" అని మార్తాండరావు అడిగి, తనే చెప్పాడు. "ఆరు వందల రెండు వర్ణనాతీత ఆఘాతములను సహించి ఉద్యోగికి గీటు పడనీయని ఫోర్కు ఈ దేశమున మరొకటి లేదు. దీనిని మార్చుట నేరము. పైపెచ్చు తీగలమెట్ట వంటి సామాన్య బాటలో దీని సామర్థ్యము వృథా అగుచున్నది. కావున సదరు ద్విచక్రికను, ఉద్యోగిని సహితంగా, సోమవారము నుండి గుర్రాలవాలు బాటకు మార్చవలెనని సంఘము తీర్మానించుచున్నది."

గుర్రాలవాలు పేరు వినగానే కామేశం తల దించుకున్నాడు. అది మేకలు కూడా కూర్చుని దిగే వాలు. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క ఏమీ లేదు. దాని మీద సైకిలు వేసుకు వెళ్లినవాళ్లు ఇంతవరకూ లేరు.

సన్యాసమ్మ గోడ వదిలి ముందుకి నడిచింది. ఊగే ఫ్యాను కిందనించే నడిచింది.

"బాబూ, అవన్నీ అబద్దాలు."

"ఏవి?"

"ఆ కుదుపులు. బండి నాను బాగు సేయించీసినాను. గురయ్య నూనె పోసినాడు. నా పిల్ల ఉద్యోగం పోద్దని రాసినాను. ఒక్క కుదుపూ జరగనేదు."

నళినీకాంత్ తన ఎర్ర గీతని, సొంత బిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నాడు. అది అబద్ధమైతే ప్రశంసాపత్రం అబద్ధం, నకళ్లు తీసుకున్న ఏడు జోన్లూ అబద్ధం. మార్తాండరావు రిజిస్టరు ముందుకి లాక్కున్నాడు.

"జరగలేదంటున్నారు. మరి ఇవి ఎక్కడివి?"

"నా బయాలు బాబూ. రోజూ నాకలాగే కనపడతాది."

"కనపడినదా లేదా?"

"కనపడినాదండి."

"సాక్షికి కనపడినదే సాక్ష్యం." మార్తాండరావు ముఖం విప్పారింది. "కుదుపు జరిగిన తరువాతే రాయవలెనని రిజిస్టరులో ఎక్కడ ఉన్నది? కామేశం గారూ, ఉన్నదా?"

"లేదండి."

"కాబట్టి ఇవి జరగని కుదుపులు కావు. జరగబోవు కుదుపులు. వీటిని ముందస్తు ఆధారములుగా సంఘము స్వీకరించుచున్నది. ఇట్టి ఆధారము ప్రపంచమున ప్రప్రథమము." నళినీకాంత్ ఊపిరి పీల్చుకుని గీత కింద ముందస్తు అని రాశాడు. "తీర్మానములో మార్పు లేదు. ఉత్తర్వు తెండి, సంతకం చేసెదను."

కామేశం ఉత్తర్వు ముందు పెట్టాడు. మార్తాండరావు కలం మూత తీశాడు.

సన్యాసమ్మ బల్ల దగ్గరికి జరిగింది. ఎదురుగా ఆ కాగితం. దాని మీద ఒక్క గీత పడితే సోమవారం పొద్దున్న ఆ వాలు. రోజూ చూసే వంద కీడుల్లో ఇది కలవలేదు. ఇది ఒక్కటే, స్పష్టంగా, రంగులతో సహా కనపడింది. ఆమె రిజిస్టరు వైపు చెయ్యి చాచింది.

"ఆ రిజిస్టరు ఒక్కసారి ఇలా ఇయ్యండి బాబూ. ఇంకొకటి రాయాల."

ఇచ్చారు. సాక్షి కదా. ఆమె బల్ల మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం పైకి పలుకుతూ రాసింది.

"తేదీ, వచ్చే సోమవారం. సమయం, ఎనిమిదీ పది. స్థలం, గుర్రాలవాలు రెండో మలుపు. తీవ్రత, వర్ణనాతీతం. ఉద్యోగి పొందిన అనుభూతి..." ఆ గడి దగ్గర ఆగి, ఏమీ రాయకుండా ఒక అడ్డగీత గీసింది. గదిలో ఎవరో దగ్గబోయి మానేశారు. "కారణం గడి నేదు, పక్కన గీసుకుంటన్నాను. కారణం, ఉత్తర్వు మీద సంతకం పెట్టిన అధికారి. పేరు..."

కలం పైకెత్తి చూసింది.

"పేరు కాడ ఖాళీ ఒగ్గీసినాను బాబూ. ఎవులు సంతకం పెడితే ఆ బాబు పేరు రాసుకుంటాను." కింద తన సంతకం చేసింది.

మార్తాండరావు కలం ఉత్తర్వుకి అంగుళం ఎత్తున ఆగింది. ముందస్తు ఆధారం ప్రపంచంలో ప్రప్రథమం అని అప్పుడే సభా కార్యక్రమాల్లో రాసేశారు. ఇక ఈమె రాసిందీ చెల్లుతుంది. అతను కలాన్ని చుట్టూ ఒకసారి తిప్పి, నళినీకాంత్ వైపు జరిపాడు.

"సాంకేతిక విషయము గనుక, సలహాదారు గారు సంతకం చేయుట సముచితం."

"నేను సలహా మాత్రమే ఇస్తాను సర్. నా హోదాలో సంతకం లేదు."

"కామేశం గారూ, నా తరఫున."

"తరఫున అంటే పేరు నాదే పడుతుందండి. రెండేళ్లలో నా రిటైర్మెంటు."

కలం బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, మళ్లీ మార్తాండరావు దగ్గరికొచ్చింది. అతను దానికి మూత పెట్టాడు. సంఘం టీకి లేచింది. టీ తరవాత మళ్లీ కూర్చోలేదు.

ఉత్తర్వు సంతకం లేకుండా ఫైలులోకి వెళ్లింది. సోమవారం గౌతమి ఎప్పటిలాగే తీగలమెట్ట ఎక్కింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆఫీసులో అందరికీ ఒక సంగతి బోధపడింది. సంతకం పెట్టే ముందు సన్యాసమ్మకి ఏం కనపడుతుందో తెలుసుకోవడం మంచిది. ముందు కామేశం ఒక్కడే వచ్చేవాడు, దారిలో పనుండి వచ్చానంటూ. తరవాత జీపులో ఫైళ్లే వచ్చేవి. సన్యాసమ్మ బియ్యం ఏరుతూనో, చింతపండు పిక్క తీస్తూనో వినేది.

"కొత్త కల్వర్టుకి అనుమతి అమ్మా."

"గెడ్డ పొంగితే కొట్టుకుపోద్ది. ఎవరో ఒకరు అప్పుడు దాని మీదే ఉంటారు."

ఫైలు మూసేవారు.

"పాత కల్వర్టు తీసెయ్యడానికండి."

"తీసీసిన కాడ సీకట్లో ఎవుడో పడతాడు."

అదీ మూసేవారు. ఆర్నెల్లలో ఆ జోన్లో ఏ కాగితం మీదా సంతకం పడలేదు. తప్పుడు నిర్ణయాలు ఒక్కటీ లేని జోన్ అని ఏడాది చివర మార్తాండరావుకి పతకం ఇచ్చారు. కొండకి మాత్రం తేడా ఏమీ తెలియలేదు.

చివరికి ఒక రోజు పొద్దున్న, గౌతమి బండి బయటికి తీస్తుండగా, కామేశం ఫోర్కు ఫైలే పట్టుకొచ్చాడు. రాజధాని నుంచి గట్టిగా అడుగుతున్నారట. మార్చాలా, వద్దా, ఒక్క ముక్కలో తేల్చమని.

"మార్చమని రాయమంటారా అమ్మా?"

సన్యాసమ్మ ఆలోచించింది. మార్చమంటే కొత్త ఫోర్కు తెస్తారు. అది దూరదు. దూరలేదని బండి తీసుకుపోయి, కొత్త బండి ఇవ్వాలా వద్దా అని ఇంకో రిజిస్టరు తెరుస్తారు. అన్నాళ్లూ పిల్ల నడిచి ఎక్కాలి. నడిస్తే పాము.

"ఒద్దు."

"అయితే వద్దని రాసేస్తాను."

వద్దంటే ఫోర్కు భేషుగ్గా ఉందని తేలుతుంది. భేషుగ్గా ఉంటే గుర్రాలవాలు.

"అదీ ఒద్దు బాబూ."

"మరేం రాయమంటారు?"

"పరిశీలిత్తన్నాం అని రాయండి."

కామేశం ఆమె వైపు భక్తిగా చూశాడు. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో నేర్చుకున్నదాన్ని ఈవిడ గుమ్మంలో నిలబడి ఏడాదిలో పట్టేసింది. "సమగ్రముగా పరిశీలింపబడుచున్నది" అని రాసి, సన్యాసమ్మతో చిన్న సంతకం చేయించుకుని, ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"ఎల్తన్నానమ్మా" అంది గౌతమి.

"నిదానంగా ఎల్లు. గురయ్య నూనె ఎప్పుడు మార్చమన్నాడు?"

"ఇంకా నెలుంది."

"రేపే తీసుకెల్తాను."

సైకిలు మట్టిరోడ్డు దిగి, గులకల మీదుగా మెత్తగా లేస్తూ దిగుతూ మెట్ట వైపు మళ్లింది. మొదటి మలుపులో కనుమరుగయ్యే దాకా సన్యాసమ్మ చూసింది. తరవాత రిజిస్టరు తెరిచి, ఆ పూటకి మూడో మలుపు దగ్గర ఒక మధ్యమం, కల్వర్టు దగ్గర ఒక అధికం రాసి, సంతకం పెట్టి, పప్పు కడగడానికి లోపలికి వెళ్లింది.